విద్యుత్ ద్విచక్ర వాహనాల వేరియంట్లు, అదనపు అమరికల ఎంపిక

విద్యుత్ ద్విచక్ర వాహనాలు బ్యాటరీలో నిల్వ చేసిన విద్యుత్తుతో నడిచే స్కూటర్లు, మోటారు సైకిళ్ళు. వీటిని వాడుకలో ఎలక్ట్రిక్ బండి, బ్యాటరీ బండి, చార్జింగ్ బండి అని పిలుస్తారు. ఒకే పేరుగల బండిని కంపెనీలు సాధారణంగా రెండు నుండి ఐదు వేరియంట్లుగా అమ్ముతాయి. అన్నిటికంటే తక్కువ ధర గలదానికి, అన్నిటికంటే ఎక్కువ ధర గలదానికి మధ్య తేడా పది వేల రూపాయల నుండి యాభై వేల రూపాయల వరకు ఉండవచ్చును. ఎక్కువ ధర పెట్టి పై వేరియంటు కొనుట మేలా, తక్కువ ధర వేరియంటు కొని కావలసిన వస్తువులను తరువాత బయట అమర్చుకొనుట మేలా అన్నది కొనుగోలుదారులకు సాధారణంగా ఎదురయ్యే ప్రశ్న. ఈ వ్యాసం ఆ ప్రశ్నను తెలంగాణ రాష్ట్రంలోని వికారాబాదు, తాండూరు పట్టణాల పరిస్థితులను ఆధారం చేసుకొని వివరిస్తుంది.

ఈ ఎంపికలో మూలసూత్రం ఒక్కటే. బండి కొన్న తరువాత చేర్చుటకు వీలుకాని వాటికి మొదటనే డబ్బు పెట్టవలెను. తరువాత చేర్చుకొనగలిగిన వాటికి మొదట డబ్బు పెట్టనక్కరలేదు. బ్యాటరీ సామర్థ్యం, మోటారు శక్తి, చార్జరు వేగం, వారంటీ మొదటి కోవకు చెందినవి. సీటు కవరు, లెగ్‌గార్డు, ఫోను పట్టీ వంటివి రెండవ కోవకు చెందినవి.

నేపథ్యం

భారతదేశంలో 2000ల దశకంలో అమ్మిన విద్యుత్ బండ్లలో అధికభాగం లెడ్ ఆసిడ్ బ్యాటరీతో నడిచే తక్కువ వేగపు బండ్లు. హీరో ఎలక్ట్రిక్ సంస్థ 2007లో ఈ రంగంలోకి వచ్చినది. ఆ కాలపు బండ్లలో వేరియంట్ల తేడా చాలా తక్కువ. లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. 2018లో ఏథర్ 450, 2020 జనవరిలో టీవీఎస్ ఐక్యూబ్, బజాజ్ చేతక్, 2021 ఆగస్టు 15న ఓలా ఎస్1 విడుదలైనవి. వీటిలో బ్యాటరీ పరిమాణం, తెర, సాఫ్ట్‌వేర్, చార్జరు అనువాటిని వేరువేరుగా కలిపి పలు వేరియంట్లు తయారు చేయుట మొదలైనది.

వేరియంట్ల ధరలపై ప్రభుత్వ రాయితీల ప్రభావం కూడా ఉన్నది. 2019 ఏప్రిల్ 1 నుండి 2024 మార్చి 31 వరకు అమలైన ఫేమ్-2 పథకంలో, ఫ్యాక్టరీ ధర లక్షా యాభై వేల రూపాయలు మించని ద్విచక్ర వాహనాలకే రాయితీ లభించేది. ఈ పరిమితిని దాటకుండుటకు కొన్ని కంపెనీలు చార్జరును, సాఫ్ట్‌వేరును బండి ధరలో కలపక విడిగా అమ్మినవి. ప్రభుత్వ విచారణ తరువాత 2023లో ఓలా, ఏథర్, టీవీఎస్, హీరో మోటోకార్ప్ సంస్థలు చార్జరు కొరకు విడిగా తీసుకున్న సొమ్మును కొనుగోలుదారులకు తిరిగి చెల్లించుటకు అంగీకరించినవి. చార్జరు లేని బండి పూర్తి బండి కాదు. కనుక ధరలను పోల్చునపుడు ధరలో ఏమేమి కలిసి ఉన్నవో మొదట చూడవలెను.

వేరియంట్ల మధ్య తేడాలు

ఒక నమూనాలోని వేరియంట్ల మధ్య తేడాలను ఈ క్రింది విధంగా విభజించవచ్చును.

* బ్యాటరీ సామర్థ్యం: దీనిని కిలోవాట్-గంటలలో కొలుస్తారు. ఒక కిలోవాట్-గంట అనగా కరెంటు బిల్లులోని ఒక యూనిట్. స్కూటర్లలో ఇది సుమారు 2 నుండి 5 యూనిట్ల వరకు ఉంటుంది.
* మోటారు, గరిష్ఠ వేగం: తక్కువ వేరియంట్లలో కొన్నిటి వేగం గంటకు 60-65 కి.మీ.కు పరిమితమై ఉంటుంది.
* చార్జరు: బండిలోనే అమర్చినది, విడిగా మోసుకొని పోగలిగినది అని రెండు రకాలు. వాట్లు ఎక్కువైనకొద్దీ చార్జింగు సమయం తగ్గుతుంది.
* బ్రేకులు: తక్కువ వేరియంటులో ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకు, పై వేరియంటులో డిస్కు బ్రేకు ఉండుట సాధారణం.
* సాఫ్ట్‌వేర్: దారి చూపే పటాలు, దొంగతనం హెచ్చరిక, ఎత్తుపై బండి వెనుకకు జారకుండా ఆపుట మొదలైనవి. వీటిలో కొన్నిటికి అవసరమైన యంత్రభాగాలు అన్ని బండ్లలోను ఉండి, డబ్బు చెల్లించినవారికే తెరువబడతాయి.
* తెర, రంగులు, అలంకరణ: వీటివలన బండి నడకలో తేడా ఉండదు.
* వారంటీ: బ్యాటరీకి సాధారణంగా మూడేళ్ళ వారంటీ ఉంటుంది. కొన్ని కంపెనీలు అదనపు రుసుముతో లేదా ఉచితంగా 8 సంవత్సరాలు లేదా 80,000 కి.మీ. వరకు పొడిగిస్తున్నవి.

రెండు ఉదాహరణలు

వేరియంట్ల మధ్య ధర తేడా దేనివలన వచ్చినదో గుర్తించుటకు రెండు ఉదాహరణలు ఉపకరిస్తాయి.

బజాజ్ చేతక్ 35 శ్రేణిలో 3501, 3502, 3503 అను మూడు వేరియంట్లు ఉన్నవి. మొదటి రెండు 2024 డిసెంబరులోను, మూడవది 2025లోను విడుదలైనవి. మూడింటిలోను బ్యాటరీ సామర్థ్యం 3.5 యూనిట్లే. విడుదల సమయంలో ఎక్స్-షోరూం ధరలు సుమారుగా 1.27 లక్షలు, 1.20 లక్షలు, 1.10 లక్షల రూపాయలు. 3501లో స్పర్శ తెర, బండిలోనే అమర్చిన 950 వాట్ల చార్జరు ఉన్నవి. 3502లో చార్జరు విడిగా వస్తుంది. 3503లో తెర సాధారణమైనది, గరిష్ఠ వేగం గంటకు 63 కి.మీ.; మిగిలిన రెండింటి వేగం 73 కి.మీ. ఇక్కడ 17,000 రూపాయల తేడా వేగం, చార్జరు, తెరలకు చెందినదే గాని, ఒక్క చార్జింగుతో నడిచే దూరానికి చెందినది కాదు.

హీరో విడా వీఎక్స్2 నమూనా 2025 జూలైలో గో, ప్లస్ అను రెండు వేరియంట్లుగా విడుదలైనది. గోలో బ్యాటరీ 2.2 యూనిట్లు, ప్లస్‌లో 3.4 యూనిట్లు. విడుదల నాటి ఎక్స్-షోరూం ధరలు వరుసగా 99,490, 1,09,990 రూపాయలు. తేడా 10,500 రూపాయలు. ఈ తేడా మొత్తాన్ని బ్యాటరీకే లెక్కించినను, అదనపు 1.2 యూనిట్లలో ఒక్కొక్కటి సుమారు 8,750 రూపాయలకు లభించినట్లు అవుతుంది. బ్యాటరీని తరువాత పెంచుకొనుట దాదాపు అసాధ్యం కనుక, దూరం అవసరమైన వారికి ఇది సమంజసమైన ఖర్చు.

బండ్ల ధరలు రాయితీలను బట్టి, పండుగల సమయాన్ని బట్టి తరచు మారుతుంటాయి. పై అంకెలు పోలిక పద్ధతిని తెలుపుటకు మాత్రమే. ఏ నమూనాకైనను ధర తేడాను బ్యాటరీ తేడాతో భాగించి చూచిన, కొనుగోలుదారు దేనికి డబ్బు చెల్లిస్తున్నాడో తెలుస్తుంది. బ్యాటరీలో తేడా లేనిచో ఆ సొమ్మంతయు సౌకర్యాలకే పోవుచున్నదని అర్థం.

వికారాబాదు, తాండూరు పరిస్థితులు

వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు రంగారెడ్డి జిల్లా నుండి ఏర్పడినది. వికారాబాదు జిల్లా కేంద్రం. అనంతగిరి కొండలకు, మూసీ నది జన్మస్థానానికి ప్రసిద్ధి. తాండూరు నాపరాయి బండలకు, సిమెంటు కర్మాగారాలకు, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందులకు ప్రసిద్ధి. రెండు పట్టణాల మధ్య రోడ్డు దూరం సుమారు 40 కి.మీ. రెండింటికి రైల్వే స్టేషను ఉన్నది. బండి ఎంపికపై ఈ ప్రాంతపు పరిస్థితుల ప్రభావం ఈ విధంగా ఉంటుంది.

దూరం: పట్టణంలోనే తిరిగేవారికి రోజుకు 10-25 కి.మీ. సరిపోతుంది. ఒక పట్టణంలో నివసించి మరొక పట్టణంలో ఉద్యోగం చేయువారికి రోజుకు 80 కి.మీ. అవసరం. రైలులో వెళ్ళి వచ్చేవారికి ఇంటి నుండి స్టేషను వరకు మాత్రమే బండి అవసరం. ఈ మూడు వర్గాల వారికి ఒకే వేరియంటు తగదు.

ఎత్తుపల్లాలు: తాండూరు కన్నా వికారాబాదు ఎత్తైన ప్రదేశంలో ఉన్నది. కొండ ఎక్కునపుడు బ్యాటరీ త్వరగా అయిపోవునని పలువురు భయపడతారు. భౌతికశాస్త్రం ప్రకారం లెక్కించిన, బండి, మనిషి కలిసి 220 కిలోలనుకొంటే 100 మీటర్ల ఎత్తు ఎక్కుటకు కావలసిన శక్తి 220 × 9.8 × 100 = 2,15,600 జౌళ్ళు. ఒక వాట్-గంట 3,600 జౌళ్ళకు సమానం కనుక ఇది సుమారు 60 వాట్-గంటలు. మోటారులో నష్టాలను కలిపిన 75 వాట్-గంటల వరకు అవుతుంది. సమతల మార్గంలో రెండు కిలోమీటర్ల ప్రయాణానికి ఇంచుమించు ఇంతే శక్తి కావలెను. కనుక అనంతగిరి ఎత్తు కొరకు పెద్ద బ్యాటరీ కొననక్కరలేదు. అయితే ఇద్దరు కూర్చొని ఎత్తు ఎక్కుటకు మోటారు బలం కావలెను. తక్కువ వేగపు బండ్లు ఇక్కడ ఇబ్బంది పడతాయి. దిగువకు వచ్చునపుడు మంచి బ్రేకుల విలువ తెలుస్తుంది.

వేడి: లిథియం అయాన్ బ్యాటరీ ఆయుష్షును వేడి తగ్గిస్తుంది. ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణం. ఎండలో నడిపిన వెంటనే చార్జింగు పెట్టకుండా బ్యాటరీని చల్లారనిచ్చుట, నీడలో నిలుపుట మంచిది. బండి నిలుపు చోట రేకుల నీడ వేయించుట పెద్ద తెరకు పెట్టు ఖర్చు కన్నా మేలైనది.

దుమ్ము, బరువు: తాండూరు పరిసరాలలో నాపరాయి గనులు, పాలిషింగు యూనిట్ల వలన రాతి దుమ్ము ఎక్కువ. బ్రేకులు, చక్రాల బేరింగులు త్వరగా అరుగుతాయి. బండలను, ధాన్యపు బస్తాలను కాళ్ళ దగ్గర పెట్టుకొని తీసుకుపోవుట కూడా కనిపిస్తుంది. ప్రతి బండికి కంపెనీ నిర్ణయించిన గరిష్ఠ బరువు ఉంటుంది. అందులో నడిపేవారి, వెనుక కూర్చున్నవారి బరువులు కూడా కలిసి ఉంటాయి.

దూరం లెక్క

కంపెనీలు ప్రకటించే దూరం ప్రయోగశాలలో, నిర్ణీత క్రమంలో నడిపి కొలిచినది. రోడ్డుపై అంతకన్నా తక్కువ వస్తుంది. స్కూటరు ఒక కిలోమీటరుకు పట్టణంలో ఒక్కరు నడిపినపుడు సుమారు 30 వాట్-గంటలు, ఇద్దరు కూర్చొని లేదా రహదారిపై వేగంగా పోవునపుడు సుమారు 35 వాట్-గంటలు ఖర్చు చేస్తుందని లెక్కకు తీసుకొనవచ్చును. బ్యాటరీలో ఐదవ వంతు ఎప్పుడూ మిగుల్చుకొనుట మంచిది. కొన్ని సంవత్సరాలకు బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి తగ్గవచ్చునని కూడా ముందే లెక్కించవలెను. కిలోమీటరుకు 35 వాట్-గంటల చొప్పున, ఐదవ వంతు మిగిల్చి నడుపగల దూరం ఈ విధంగా ఉంటుంది.

* 2.2 యూనిట్ల బ్యాటరీ: కొత్తలో 50 కి.మీ., పాతబడిన తరువాత 40 కి.మీ.
* 2.9 యూనిట్ల బ్యాటరీ: కొత్తలో 66 కి.మీ., పాతబడిన తరువాత 53 కి.మీ.
* 3.5 యూనిట్ల బ్యాటరీ: కొత్తలో 80 కి.మీ., పాతబడిన తరువాత 64 కి.మీ.
* 5.1 యూనిట్ల బ్యాటరీ: కొత్తలో 116 కి.మీ., పాతబడిన తరువాత 93 కి.మీ.

పట్టణంలో తిరిగేవారికి 2.2 యూనిట్ల బ్యాటరీ పాతబడిన తరువాత కూడా చాలునని దీనివలన తెలుస్తుంది. వికారాబాదు నుండి తాండూరుకు ప్రతిరోజు వెళ్ళి రావలసినవారికి 3.5 యూనిట్ల బ్యాటరీ కొత్తలో చాలును గాని తరువాత చాలదు. అట్టివారికి రెండు మార్గాలున్నవి. ఒకటి, పెద్ద బ్యాటరీ కొనుట. రెండవది, పని చేయు చోట చార్జింగు ఏర్పాటు చేసుకొనుట. 950 వాట్ల చార్జరుతో రెండు గంటలు పెట్టిన 1.9 యూనిట్ల విద్యుత్తు ఖర్చయి, నష్టాలు పోను సుమారు 1.7 యూనిట్లు బ్యాటరీలోకి చేరుతుంది. ఇది మరొక 48 కి.మీ.కు సరిపోవును. కార్యాలయంలో లేదా పాఠశాలలో యజమాని అనుమతితో దొరికే ఒక ప్లగ్గు, 1.5 యూనిట్ల అదనపు బ్యాటరీతో సమానమని చెప్పవచ్చును. ఈ మార్గాన్ని ఎంచుకొన్నవారికి మోసుకొనిపోగలిగిన చార్జరు గల వేరియంటు, దాని ధర తక్కువైనను, ఎక్కువ ఉపయోగకరం.

ఖర్చుల లెక్క

2025లో హైదరాబాదులో పెట్రోలు ధర లీటరుకు సుమారు 107 రూపాయలు. లీటరుకు 45 కి.మీ. నడిచే పెట్రోలు స్కూటరుకు కిలోమీటరుకు సుమారు 2.38 రూపాయలు ఖర్చవుతుంది. విద్యుత్ బండికి చార్జింగు నష్టాలతో కలిపి కిలోమీటరుకు 40 వాట్-గంటలు అనుకొని, యూనిట్ 7.70 రూపాయల చొప్పున లెక్కించినను 31 పైసలే అవుతుంది. రోజుకు 25 కి.మీ. చొప్పున సంవత్సరానికి 300 రోజులు తిరిగేవారికి 7,500 కి.మీ.పై సుమారు 15,500 రూపాయలు ఇంధనంలో ఆదా అవుతుంది. రోజుకు 10 కి.మీ. మాత్రమే తిరిగేవారికి ఈ ఆదా సుమారు 6,200 రూపాయలు.

ఈ ఆదా అన్ని వేరియంట్లకు ఇంచుమించు ఒక్కటే. ఎక్కువ ధర బండి కొన్నంత మాత్రాన కిలోమీటరు ఖర్చు తగ్గదు. కావున తెర, అలంకరణల కొరకు 17,000 రూపాయలు ఎక్కువ పెట్టిన, మొదటివారికి ఒక సంవత్సరపు ఆదా, రెండవవారికి రెండున్నర సంవత్సరాలకు పైబడిన ఆదా దానికే పోవును. ఆ సొమ్మును సంవత్సరానికి 11 శాతం వడ్డీపై మూడేళ్ళ వాయిదాలలో చెల్లించిన మొత్తం 20,000 రూపాయలు అవుతుంది.

ఇంటి కరెంటు బిల్లును కూడా గమనించవలెను. తెలంగాణలో 2024 మార్చి నుండి అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకం క్రింద, అర్హత గల రేషను కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు. 200 యూనిట్లు దాటిన నెలలో పూర్తి బిల్లు చెల్లించవలెను. నెలకు 625 కి.మీ. తిరిగే బండికి సుమారు 25 యూనిట్లు కావలెను. అప్పటివరకు 185 యూనిట్లు వాడే కుటుంబం బండి వచ్చిన తరువాత 210 యూనిట్లు వాడిన, మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున, తరువాతి 10 యూనిట్లకు 7.70 రూపాయల చొప్పున మొత్తం 1,097 రూపాయలు, ఇతర రుసుములు చెల్లించవలసి వస్తుంది. 120 లేదా 130 యూనిట్లు వాడే కుటుంబానికి ఈ ఇబ్బంది లేదు. కొనుటకు ముందు గత సంవత్సరపు వేసవి నెలల బిల్లులను చూచుట మంచిది.

అదనపు అమరికలు

బండి కొన్న తరువాత బయట అమర్చుకొనేవాటిని వాడుకలో ఎక్స్‌ట్రా ఫిట్టింగులు అంటారు. వీటిని మూడు విధాలుగా విభజించవచ్చును.

మేలు చేసేవి: సీటు కవరు, కాళ్ళ దగ్గర వేసే రబ్బరు చాప, బురద రేకు, లెగ్‌గార్డు, ఫోను పట్టీ, బండిపై కప్పే కవరు, పంక్చరు సామగ్రి, గాలి పంపు. ఇవి సాధారణ దుకాణాలలో కూడా దొరుకుతాయి. షోరూములో అమ్మే అమరికల కట్టను యథాతథంగా తీసుకొనక, విడివిడి ధరల పట్టీ అడుగుట మంచిది. అన్నిటికన్నా విలువైన అమరిక బండిపై కాక ఇంటి గోడపై ఉంటుంది. సరియైన ఎర్తింగు, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి ప్రత్యేకమైన ఎం.సి.బి. పెట్టించుట చార్జరుకు, ఇంటికి కూడా రక్షణ.

వెనుక కూర్చున్నవారు పట్టుకొనుటకు పిడి, కాలు పెట్టుటకు ఆధారం, బట్టలు చక్రంలో చిక్కకుండా వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ (చీర గార్డు) ప్రతి మోటారు సైకిలుకు ఉండవలెనని 1989 కేంద్ర మోటారు వాహన నియమాలలోని 123వ నియమం చెబుతున్నది. ఇవి అలంకరణలు కావు. వీటికి విడిగా ధర వేసినచో కారణం అడుగు హక్కు కొనుగోలుదారునికి ఉన్నది.

ఆలోచించి చేయవలసినవి: అదనపు దీపాలు, పెద్ద హారను, ఫోను చార్జింగు తీగ. బండిలోని పెద్ద బ్యాటరీ విద్యుత్తును 12 వోల్టులకు తగ్గించే పరికరం పరిమితమైన భారాన్నే మోయగలదు. తీగను కోసి అతికించిన వారంటీ పోవచ్చును. కంపెనీ ఇచ్చిన ప్లగ్గు ద్వారా మాత్రమే వీటిని కలపవలెను. చక్రాల టైర్ల కొలతను మార్చిన దూరం, వేగం చూపే అంకెలు తప్పుగా వస్తాయి. బ్రేకుల పనితీరు కూడా మారుతుంది.

చేయరానివి: బ్యాటరీని విప్పి సెల్లులను చేర్చుట, కంపెనీది కాని వేగపు చార్జరు వాడుట, మోటారు నియంత్రణ పరికరాన్ని మార్చుట, వేగ పరిమితిని తొలగించుట. లిథియం బ్యాటరీలో ప్రతి సెల్లు వోల్టేజీని, ఉష్ణోగ్రతను గమనిస్తూ ప్రమాద సమయంలో విద్యుత్తును ఆపివేసే ఒక నియంత్రణ వ్యవస్థ ఉంటుంది. పై మార్పులలో ప్రతి ఒక్కటి ఆ వ్యవస్థ నిర్దేశించిన హద్దులను దాటిస్తుంది. తక్కువ బ్యాటరీ వేరియంటును కొని తరువాత బయట పెంచుకొనవచ్చునన్న ఆలోచన ఈ కారణంగానే సరికాదు.

భద్రత

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను ఇంటిలో చార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు పేలి మరణాలు సంభవించినవి. అదే సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగ పై అంతస్తులలోని లాడ్జిలోకి వ్యాపించి 8 మంది మరణించారు. దేశంలో పలుచోట్ల జరిగిన ఇట్టి సంఘటనల తరువాత బ్యాటరీ భద్రతా ప్రమాణమైన ఏఐఎస్-156ను కఠినతరం చేసి, 2022 డిసెంబరు 1 నుండి మొదటి దశను, 2023 మార్చి 31 నుండి రెండవ దశను అమలు చేశారు. పాత బండి కొనువారు దాని తయారీ తేదీని ఈ తేదీలతో పోల్చి చూచుట అవసరం.

విడదీయగల బ్యాటరీ మేడపై నివసించేవారికి అనుకూలం. అయితే దానిని పడకగదిలో, తలుపు దారికి అడ్డంగా, రాత్రి అందరూ నిద్రించు సమయంలో చార్జింగు పెట్టరాదు. వాచిన, నీట మునిగిన, క్రిందపడి దెబ్బతిన్న బ్యాటరీని చార్జింగు పెట్టక సర్వీసు కేంద్రానికి చేర్చవలెను. ఆయుష్షు తీరిన బ్యాటరీలను సేకరించు బాధ్యతను 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారులపై ఉంచినవి.

చట్టం, బీమా, రాయితీలు

మోటారు శక్తి 250 వాట్ల కన్నా తక్కువ, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ. కన్నా తక్కువ, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించని బండ్లను చట్టం మోటారు వాహనాలుగా పరిగణించదు. వీటికి రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. విద్యార్థులు వీటిని ఎక్కువగా ఎంచుకొనుటకు ఇదే కారణం. ఇట్టి బండి వేగ పరిమితిని మెకానిక్కుతో తొలగించిన వెంటనే అది రిజిస్ట్రేషను, బీమా లేని మోటారు వాహనమవుతుంది. ప్రమాదం జరిగిన పూర్తి బాధ్యత యజమానిపై, విద్యార్థి మైనరు అయినచో తల్లిదండ్రులపై పడుతుంది.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణతో చేర్చిన 182ఏ సెక్షను ప్రకారం ఇట్టి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. పెట్రోలు బండిని విద్యుత్ బండిగా మార్చుటకు ఆమోదం పొందిన కిట్టును మాత్రమే వాడి, రవాణా శాఖ వద్ద వివరాలను మార్పించుకొనవలెను. వికారాబాదు జిల్లాలో రిజిస్టరైన బండ్లకు 34 అను కోడు ఉంటుంది. సొంత విద్యుత్ బండ్లకు ఆకుపచ్చ పలకపై తెల్ల అక్షరాలుంటాయి.

మూడవ పక్షపు బీమా రుసుము మోటారు కిలోవాట్లపై ఆధారపడును. 2022 జూన్ నుండి అమలైన రేట్ల ప్రకారం 3 కిలోవాట్ల వరకు సంవత్సరానికి 457 రూపాయలు, 3 నుండి 7 కిలోవాట్ల వరకు 607 రూపాయలు. బయట అమర్చుకొన్న విలువైన వస్తువులను బీమా సంస్థకు తెలిపి పాలసీలో చేర్పించనిచో వాటికి పరిహారం రాదు.

ఫేమ్-2 ముగిసిన తరువాత 2024 అక్టోబరు 1న పీఎం ఈ-డ్రైవ్ పథకం మొదలైనది. దీనిలో ద్విచక్ర వాహనాలకు 2024-25లో యూనిట్‌కు 5,000 రూపాయలు, 2025-26లో 2,500 రూపాయల చొప్పున రాయితీ నిర్ణయించారు. ఈ రాయితీని ధరలో తగ్గించియే అమ్మేవారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుములను పూర్తిగా మినహాయించినది. ఉత్తర్వు ప్రకారం ఈ మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు వర్తిస్తుంది. ఈ మినహాయింపు అన్ని వేరియంట్లకు సమానమే.

ఎంపిక క్రమం

పై విషయాలను బట్టి కొనుగోలుదారు ఈ క్రింది క్రమంలో ఆలోచించవచ్చును.

# రోజుకు తిరిగే దూరాన్ని ఒక వారం పాటు వ్రాసుకొని, బ్యాటరీ పాతబడిన తరువాత కూడా ఆ దూరానికి చాలే సామర్థ్యాన్ని ఎంచుకొనుట.
# పని చేయు చోట చార్జింగుకు వీలున్నదా, రైలు ప్రయాణం సాధ్యమా అని చూచుట. వీలున్నచో చిన్న బ్యాటరీ చాలును.
# తన పట్టణంలో సర్వీసు కేంద్రం గల కంపెనీని ఎంచుకొనుట. మరమ్మతు కొరకు ప్రతిసారి హైదరాబాదుకు బండిని తరలించవలసి వచ్చిన, వేరియంటులో ఆదా చేసినది ఖర్చయిపోవును.
# ఇద్దరు ప్రయాణించువారు, కొండదారిలో తిరిగేవారు మోటారు బలాన్ని, ముందు డిస్కు బ్రేకును చూచుట.
# బ్యాటరీ వారంటీ పొడిగింపును తెర, రంగులకన్నా ముందు పరిశీలించుట. వారంటీ ఎంత శాతం సామర్థ్యానికి హామీ ఇచ్చునో కాగితంపై చదువుట.
# సాఫ్ట్‌వేర్ కట్టను తరువాత కొనుటకు వీలున్నదా, సంవత్సరానికోసారి మరల చెల్లించవలెనా అని అడుగుట. తరువాత కొనుటకు వీలున్నచో మొదట కొననక్కరలేదు.
# మిగిలిన సొమ్ముతో ఇంటి వద్ద ఎర్తింగు, సాకెట్టు, నీడ ఏర్పాటు చేసుకొని, ఆ పిదప చిన్న అమరికలు కొనుట.

ఈ క్రమంలో చూచిన, తాండూరు పట్టణంలోనే తిరిగే దుకాణదారునికి తక్కువ బ్యాటరీ గల మొదటి వేరియంటు, కొద్దిపాటి అమరికలు చాలును. వికారాబాదు నుండి రోజూ తాండూరుకు బండిపై పోవు ఉద్యోగికి పెద్ద బ్యాటరీ లేదా పని చోట చార్జింగు తప్పనిసరి. ఇద్దరిలో ఎవరికిని ఖరీదైన తెర మొదటి అవసరం కాదు.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ వాహనం
* లిథియం అయాన్ బ్యాటరీ
* వికారాబాదు జిల్లా
* తాండూరు
* అనంతగిరి కొండలు
* మోటారు వాహనాల చట్టం, 1988